నాలుగు హద్దులూ నీళ్లే

1976, మే నెల. ఆత్మకూరు సబ్ రిజిస్ట్రారాఫీసు వరండాలో నాకొక బల్ల, ఒక స్టాంపు ప్యాడు, రెండు కలాలు. డాక్యుమెంట్ రైటరంటే ఆఫీసు ఉద్యోగి అనుకుంటారు చాలామంది. కాదు. ఇద్దరి మధ్యన కూర్చుని, వాళ్లు నోటితో చెప్పింది కాగితం భాషలోకి మార్చేవాడిని. అప్పటికి పదేండ్ల సర్వీసు. నాకు తెలియని కాగితం లేదని పొగరు కూడా ఉండేది, దాచుకునేదేముంది.

ఆ రోజు దుత్తలూరు బస్సు దిగి ఒక ముసలామె వచ్చింది. పేరు మాబున్నీ. మొగుడు పోయి నాలుగేండ్లు, బిడ్డల్లేరు. వాళ్లింటిని ఊళ్లో దుబాసోళ్లిల్లు అంటారంట. మొగుడి ముత్తాత ఎప్పుడో మద్రాసు పోయి ఇంగ్లీషు దొర కింద దుబాసీగా, అంటే భాష మార్చి చెప్పేవాడిగా, పనిచేసినాడు. ఈమె అత్తమామల కాలం నుంచీ మూడెకరాల మెట్ట కౌలుకు చేసుకుంటా ఉండారు. ఆ పొలం సొంతదారు, పాత ఆసామి, పోయినాడు. ఆయన కొడుకు 'పొలం వదులు' అంటున్నాడు. ఉదయగిరి తాలూకాఫీసులో విచారణ పెట్టినారు. ఆ మూడెకరాలు పోతే ఆమెకు అడుక్కుతినడమే గతి.

"ఇది మా కౌలు కాగితం నాయనా. మా అత్త పోతాపోతా చేతిలో పెట్టింది" అని గుడ్డ విప్పింది.

ఉర్దూ అక్షరాలు. చిన్నప్పుడు ఉదయగిరిలో చదివేటప్పుడు నేనూ కొంచెం దిద్దినాను, మిడిమిడి జ్ఞానం. పైన పెద్దగా ఉన్న మాట కూడబలుక్కున్నాను: కౌల్‌నామా. కింద తూల్ ఇంత, అర్జ్ ఇంత. పొడుగూ వెడల్పూ. ఇంకేం కావాల!

"బీబమ్మా, నీ పొలం ఎవడూ కదిలించలేడు పో" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని కండ్లకద్దుకునింది. నాకు గొప్పగా అనిపించింది.

ఒక్కటి మాత్రం మనసులో పడింది. రోళ్లు పగిలే ఎండలో ఆ కాగితం చల్లగా, చెమ్మగా ఉండాది. కలం పట్టే వేలు నాలిక మీద తడుపుకునే అలవాటు నాకు. తడుపుకుంటే ఉప్పగా తగిలింది. గుడ్డకు చెమటేమోలే అనుకున్నాను.

విచారణలో పెట్టాలంటే ట్రూ ట్రాన్స్‌లేషన్ కావాల, అక్షరం పొల్లుపోకుండా తర్జుమా. మిగతాదంతా పారసీ, నాకు రాదు. ఉదయగిరిలో ముసలి మౌల్వీ గారొకాయన ఉంటే ఇద్దరం పోయినాము. ఆయన కోడలు గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చింది. మాబున్నీ తాగబోతా, ముందు కొన్ని గడప మీద పోసి, "నక్కో ఉత్రో" అనింది. దిగొద్దు అని.

"ఏందమ్మా అది?" అన్నాడు మౌల్వీ.

"మా ఇంట్లో ఆడోళ్లు అట్ట చేస్తాం సాబ్. మా అత్త చేసేది, ఆమెకు వాళ్లత్త చెప్పిందంట. ఎందుకో మాకెవరికీ తెలీదు."

ఆయన కాగితం వెలుగులోకి పట్టుకొని చదవడం మొదలుపెట్టినాడు. సగంలో ఆగినాడు.

"ఏం రైటరూ, దీంట్లో చెక్కుబందీ ఏదిరా?" పొలానికి నాలుగు దిక్కులా ఉండే హద్దులే చెక్కుబందీ, అది లేని దస్తావేజు చెల్లదు.

"మీరే చదవాల సాబ్."

"ఏం చదివేది? నాలుగు హద్దులూ నీళ్లే. ఇది పొలం కాదు, పడవ."

ఆయన నిదానంగా చెప్పినాడు. కౌల్ అంటే అరబ్బీలో మాట. మనం పొలానికి తగిలించుకున్నాం గానీ, అసలర్థం ఇచ్చిన మాట. నూటయాభై ఏండ్ల కిందట అరబ్బు తీరంలో షేకులు, సముద్రం మీద ఇంక కొట్లాడుకోము అని ఇంగ్లీషోళ్లకు మాట రాసిచ్చినారంట. అప్పటి నుంచి ఆ పడవలకు చీటీ ఉండాల. పడవ పొడుగెంత, వెడల్పెంత, మనుషులెందరు, కత్తులెన్ని. ఇంగ్లీషు ఫిరంగి ఓడ ఆపితే చీటీ చూపించాల, చూపిస్తే వదలాల.

"మరి ఇది వీళ్లింటికి ఎట్ట వచ్చింది?"

మౌల్వీ కాగితం తిప్పినాడు. వెనక ఇంకో చేతిరాత, దొరతో ఆ ఓడ మీద పోయిన దుబాసీది. వరసగా పదకొండు పేర్లు, పడవలో ఉన్నోళ్లవి. కింద నాలుగు ముక్కలు. ఆయన గొంతు తగ్గించి చదివినాడు.

"చీటీ నా చేతికిచ్చినారు. సరిగానే ఉండాది. దిగండి, దొర ఏమీ చెయ్యడు అని నేను చెప్పినాను. దిగినారు. పడవ కాల్చేసినారు. వాళ్లనేం చేసినారో నన్ను చూడనియ్యలేదు."

మాబున్నీ గడప వైపు చూస్తా కూర్చుంది. అంత ఎండలోనూ ఆ పోసిన నీళ్లు అట్టనే ఉండాయి. సిగ్గేముంది చెప్పుకోడానికి, నాకు భయమేసింది.

ఆత్మకూరు తిరిగొచ్చిన నాలుగో రోజు ఇప్పటి ఆసామి, ఆ కొడుకు, నా బల్ల దగ్గరికే వచ్చినాడు, ఆమెను కూడా పిలిపించి. మనిషి మర్యాదస్తుడే.

"ముసలామె ఉసురు నాకెందుకు రైటరూ? ఈ ఏడు పొలం వదిలి దిగమను. విచారణ మూసేస్తారు. వచ్చే ఏడు మళ్లా ఆమెకే ఇస్తా. నా మాట" అన్నాడు.

కాగితం పైన మాట ఒక్కటి చూసి ఆమెకు లేని ఆశ పెట్టిన వెధవని నేను. ఇదన్నా దక్కుతుందనుకున్నాను. సరెండర్ లెటర్, అంటే 'నా ఇష్టంతోనే పొలం వదులుకుంటున్నాను' అనే కాగితం, గబగబా రాసేసినాను. ఆమె బొటనవేలు ప్యాడు మీద అద్దింది. అద్ది, నా మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పు నాయనా. దిగమంటావా?"

దిగమ్మా, ఏం కాదు. ఆ మాట నోటిదాకా వచ్చేసింది. నోరంతా ఉప్పగా అయిపోయింది. కిందికి చూస్తే నేను రాసిన సిరా ఇంకా ఆరలేదు, ఒక్కో అక్షరం చెమ్మకు పాకినట్టు పాకతా ఉండాది.

"నక్కో" అన్నాను. అది నా నోటి మాట కాదు, నేనెప్పుడూ వాడింది లేదు.

"ఏందయ్యా?" అన్నాడు ఆసామి.

"అయ్యా, వచ్చే ఏడు ఇస్తానన్నారు గదా, అదీ ఇప్పుడే రాస్తాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒకేసారి సంతకాలు చేసుకోండి."

ఆయన మొహం మాడిపోయింది. "మాటంటే నమ్మకం లేదా?" అని కండువా దులుపుకొని లేచిపోయినాడు. ఆ మాట రాతకెక్కేది కాదని అప్పుడు తెలిసిపోయింది. ఆమె వేలు నా చొక్కా కొసతో నేనే తుడిచినాను.

విచారణలో కౌల్‌నామా బయటికి తియ్యలేదు. కరణం దగ్గరుండే అడంగల్‌లో, అంటే ఏ ఏడు ఏ పొలం ఎవరు సాగు చేసినారో రాసే లెక్కలో, ఆమె మొగుడి పేరు దొరికింది. పక్కపొలాల రైతులిద్దరు సాక్ష్యం చెప్పినారు. పొలం ఆమెకు నిలిచింది.

తర్వాత చాలా ఏండ్లు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. మధ్యలో కూర్చున్నోడికి ఇంకొకరి తరఫున మాటిచ్చే హక్కు లేదని ఆ కేసు నేర్పింది. ఏం రాసి ఉందో చెప్పాల, ఏం రాయలేదో ఇంకా గట్టిగా చెప్పాల. 'ఏం కాదులే' అనే మాట ఆనాటి నుంచి నా నోట రాలేదు.

ఆర్డరొచ్చిన రోజు మాబున్నీ వచ్చింది. కుండలో నీళ్లు ముంచిచ్చినాను. వరండా అంచున కొన్ని పోసి, "నక్కో ఉత్రో" అనింది.

"సంగతి తెలిసిపోయింది గదా బీబమ్మా, ఇంకా ఎందుకు?"

"ఇన్నాళ్లూ ఊరికే అంటా ఉంటి నాయనా. ఇప్పుడు గదా ఆ పడవలో వాళ్లకు చెప్తా ఉండేది."