కిలువ కొమ్మలకు నీళ్లు

మా ఇంట్లో ఇప్పటికీ ఒకే మాట చెబుతారు: కంచెకు గుచ్చిన కిలువ చెట్టు కొమ్మలు వాటంతటవే చిగిర్చాయని, హద్దును చెట్టే తేల్చిందని. ఒట్టి అబద్ధం. తిరుత్తణి మెట్టనేలలో, నడి ఎండాకాలంలో, గుచ్చిన కొమ్మ ఊరికే చిగిర్చదు. నీళ్లు పోసింది నేను.

డెబ్బైల చివర, నాకు పదేళ్లు. భర్త పోయి పుట్టింటికి చేరిన మా మేనత్తకు తాత బావి పక్క ముక్కను నోటిమాటగా ఇచ్చి పోయాడు. ఆమె చేనుకూ మా చేనుకూ మధ్య గట్టు ఒకటే. మా నాన్న ఆ గట్టు దాటి, ఆమె చేలో మేకలదొడ్డికని కిలువ కొమ్మలు గుచ్చాడు.

"వానలు పడేదాకానే అక్కా, మళ్లా పెరికేస్తా."

"పెరక్కపోతే నీ చెవి పెరుకుతా" అని అత్త నవ్వింది.

వేరు పట్టిన కిలువను మా పక్క ఎవరూ పెరకరు. అది హద్దు. నాన్నకు అది తెలుసు. రోజూ పొద్దున్నే కొమ్మకో చెంబు పొయ్యమని నాకు చెప్పాడు. చిగురు కనబడిన రోజు వీధంతా చెప్పుకుని తిరిగాను.

కొన్నేళ్లకు వాటి బెరడు పల్చటి కాగితంలా ఊడేది, కింద నున్నటి పచ్చదనం. అత్త ఆ పొర ఒలిచి, "దీనిమింద నీ పేరు రాయి పాపా, చూస్తాం" అనేది.

నేను కాలేజీకి వచ్చాక సర్వేవాళ్లు వచ్చారు. గట్టు ఎప్పుడో దున్నేశారు. హద్దు ఇదేనని నాన్న కిలువ వరుస చూపించాడు. అత్త నావైపు తిరిగింది.

"సదువుకున్నదానివి, ఎవురితోనైనా వాదిస్తావు గదా. గట్టు యాడుండె, చెప్పు."

బావి మెట్లకు సూటిగా ఉండేది. దాని మీదే రోజూ చెంబు పట్టుకుని నడిచాను. లెక్చరర్ల నోళ్లు మూయించిన నా నోరు మాత్రం, "చిన్నదాన్ని అత్తా, గుర్తులేదు" అంది. నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

"సరేలే" అంది అత్త. చేతిలోని బెరడు పొరను చిన్న చిన్న ముక్కలు చేసి అక్కడే వదిలేసి వెళ్లింది. ఆమె చేను చాలా వరకు మా పట్టాలోకి వచ్చేసింది. ఆ తరువాత బతికినన్నాళ్లూ పరాయి చేలలో వేరుశనక్కాయలు పెరకడానికి కూలికి పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆమె గడప బావికి ఎదురుగానే ఉండేది. ఆ ఎండాకాలమంతా చెంబుతో ఆమె ముందు నుంచే పోయాను. చూసి కూడా, ఎందుకు పోస్తున్నావని నన్ను ఎందుకు అడగలేదు?