చివరి నీళ్లు పోసిన టమాట మొక్క

"వదినా, దుకాణం పెద్దాయన పోయిండంట. ఇప్పుడే తెలిసింది" అని మా పక్క చేను రైతు ఫోన్ చేసినప్పుడు నేను బర్రెల దగ్గర ఉన్నాను. ఏ దుకాణం అని అడగలేదు. మా ఇద్దరికీ దుకాణం అంటే ఒక్కటే, ఎల్బీనగర్ దాటాక హైవే పక్కన ట్రాక్టర్ వెనక బిగించే స్ప్రేయర్లు అమ్మి, బాగుచేసే దుకాణం. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ల తరబడి నా నోట్లోనే ఉండిపోయింది. ఇక ఎవరికి చెప్పాలి?

మాది నల్లగొండ వైపు ఊరు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ వెనక. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల కాస్త గడ్డి బీడు, అందులో పది బర్రెలు, వాటి పాలు దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లకు. ఆ వ్యవహారమంతా నాదే. ఒక ఏడాది బీడు నిండా వయ్యారిభామ కలుపు మొలిచింది. గడ్డితో పాటు అదీ తిని బర్రెలు చేదు పాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. "పాలల్ల వేపాకు పిండినవా ఏంది?" అని ఒకావిడ గిన్నె నా చేతికే తిరిగిచ్చింది. ఆ కలుపు పోకపోతే ఇళ్లు ఒక్కొక్కటే మానేస్తాయని నాకు అర్థమైంది.

అలా మొదటిసారి ఆ దుకాణం మెట్లెక్కాను. ఉన్నవాటిలో పెద్ద ట్యాంకు చూపించి అది కావాలన్నాను. ఆయన దాని ధర చెప్పలేదు.

"ట్రాక్టర్ ఎవరిదమ్మా?"

"మా పక్క చేనాయనది. చిన్నదే, పాతది."

"మరి ఇంత ట్యాంకు నింపి వెనక ఎత్తితే ముందు చక్రాలు లేస్తాయి. మీరు కొట్టాల్సింది కలుపు మీదా, మబ్బుల మీదా?"

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. చివరికి అందులో సగం పట్టే ట్యాంకు ఇచ్చాడు. నాజిళ్లు కూడా తానే ఏరాడు. పురుగు మందు కొట్టే నాజిల్ పొగలా చిమ్ముతుందనీ, కలుపుకు విసనకర్రలా పరుచుకునేది కావాలనీ, చుక్క లావుగా ఉంటేనే గాలికి పక్క చేలోకి పోదనీ చెప్పాడు. "మందుకి మీ చేనేదో పక్కవాళ్ల చేనేదో తెలియదమ్మా. దానికి ఆకు కనిపిస్తే చాలు" అనేవాడు. ట్యాంకులో ఒట్టి నీళ్లు పోసి, ఒక్కో నాజిల్ కింద ఒక్కో పాత సీసా పెట్టి, ఇంజను నడిపి, అన్నింట్లో నీళ్లు సమానంగా పడ్డాయో లేదో వంగి చూశాడు. ఒకదానిలో తక్కువ పడ్డాయి. నేను సాయం చేద్దామని పిన్నీసు తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పిన్నీసు పెడితే రంధ్రం పెద్దదై ఇక దాని ఇష్టం వచ్చినట్టు కొడుతుందట. పాత పళ్ల బ్రష్షుతో, ఆవు దూడ మూతి తుడిచినంత నెమ్మదిగా రుద్దాడు.

ఆ దుకాణం మెట్ల మీద నూనె డబ్బాల్లో టమాట మొక్కలు వరసగా ఉండేవి. ఒక్కో డబ్బా మీద సుద్దముక్కతో ఎవరిదో రాసి ఉండేది. కలుపు మందు కొట్టాక ట్యాంకునూ, గొట్టాలనూ, వడపోత జాలీనీ మూడుసార్లు కడగాలి. ఆఖరిసారి కడిగిన నీళ్లు ఒక సీసాలో పట్టి తెస్తే ఆయన వాటిని ఒక మొక్కకు పోసేవాడు. వారం తర్వాత కొత్త ఆకు తిన్నగా వస్తే ట్యాంకు శుభ్రమైనట్టు. ముడుచుకుంటే మళ్లీ కడగాలి. "కడిగానని మనం చెప్పకూడదమ్మా, మొక్క చెప్పాలి" అనేవాడు. ఈయనకు వేరే పని లేదని ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాట నడుస్తున్న రోజులు. బస్సులు ఆగిపోయాయి, మా ఆయన డిపో ముందు సమ్మె టెంటులో కూర్చున్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు పెడితే నేనూ వెళ్లి గంజి వార్చాను, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. అందులో నాకు ఇప్పటికీ తప్పేమీ కనిపించదు. ఆ సాయంత్రం దుకాణం మీదుగా వస్తుంటే పెద్దాయన నిచ్చెన వేసుకుని తన బోర్డు మీద ఒక పక్క పాత పేపరు అంటిస్తున్నాడు. అక్కడ కోస్తాలోని ఆయన ఊరి పేరు ఉండేది.

"ఎందుకన్నా?" అన్నాను.

"రోజులు బాలేదు కదమ్మా" అన్నాడు, కిందికి చూడకుండానే.

మీకేం కాదు, మేమున్నాం అని ఒక్క మాట అనొచ్చు. అనకుండానే వచ్చేశాను.

ఆ వారంలోనే మా బీడుకు మందు కొట్టించాను. పక్కాయనకు మర్నాడు తన టమాట చేనుకు పురుగు మందు కొట్టుకోవడానికి స్ప్రేయర్ కావాలి. ట్రాక్టర్ ఆయనది, స్ప్రేయర్ నాది, అదే మా ఒప్పందం. ఆ రోజు కరెంటు లేదు, బోరు నడవలేదు. పాలు పితికే వేళైంది. తొట్టిలో మిగిలిన రెండు బకెట్ల నీళ్లు ట్యాంకులో పోసి ఒకసారి ఊపి వదిలేశాను.

"మంచిగ కడిగినవా వదినా?" అని అడిగాడు.

"కడిగిన" అన్నాను.

పది రోజుల్లో ఎకరం టమాట చేను ముడుచుకుపోయింది. ఆకులు సన్నబడి, మెలితిరిగి, పూత రాలిపోయింది. ఎందుకో నాకు చూడగానే తెలిసింది. పక్కాయన మాత్రం దోషం దుకాణానిదే అనుకున్నాడు. ఎవరో వాడి పారేసిన పంపును కొత్తదని అంటగట్టాడని పది మందిని వెంటేసుకుని స్ప్రేయర్ ఎక్కించుకుని దుకాణానికి పోయాడు. నేనూ వెళ్లాను.

"మేమంటే గింత చులకనైందా నీకు? ఎవని విషమో నిండిన పంపు మాకిస్తవా? పో, మీ ఊరికి పో" అని పక్కాయన అరిచాడు. వెనక నుంచి ఎవరో బోర్డు మీది పేపరు చింపేశారు. పెద్దాయన ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. జాలీ విప్పి, అందులో పేరుకున్నది వేళ్ల మధ్య నలిపాడు. అప్పుడు నా వైపు ఒక్కసారి చూశాడు. నేను డబ్బాల మీది సుద్ద రాతలు చదువుతూ నిలబడ్డాను.

"తప్పు నాదే బాబూ" అన్నాడు. "ఎలా కడగాలో సరిగా చూపించలేదు. నారు నేను తెప్పిస్తాను, నేనే వచ్చి వేయిస్తాను."

ఆ రోజుల్లో, అంత గొడవ మధ్య, ఆయన నిజంగానే వచ్చాడు. రెండు రోజులు మడుల్లో వంగి నారు వేయించాడు. నేను చాయ్ తీసుకెళ్లాను. అప్పుడైనా చెప్పొచ్చు. పక్కాయనతో చెడితే ట్రాక్టర్ ఉండదు, మా బీడుకు దారి కూడా ఆయన చేను గట్టు మీదుగానే. అవన్నీ నిజమే కానీ అసలు సంగతి వేరు. నింద మోయడానికి ఒక మనిషి సిద్ధంగా దొరికాడు. ఆ రోజుల్లో ఆయన ఊరి పేరు చాలు, ఎవరూ రుజువు అడగలేదు. దాని చాటున నేను దాక్కున్నాను.

ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆ దుకాణానికే వెళ్లాను. పని అయ్యాక పంపులో నీటి చుక్క ఉంచకూడదని, పంపు ఆపాక ప్రెషర్ ముల్లు సున్నా దగ్గరికి రాకపోతే దాన్ని నమ్మకూడదని, గాలి లేచాక ఎంత తొందరున్నా ఆపేయాలని, కొట్టిన బీడులోకి మందు డబ్బా మీద రాసిన రోజులు నిండేదాకా పశువులను వదలకూడదని ఆయనే నేర్పాడు. ఈ రోజు మా బర్రెల పాలు తియ్యగా ఉన్నాయంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఒకసారి ధైర్యం చేసి, "అన్నా, ఆ రోజు టమాట చేను..." అని మొదలుపెట్టాను. "జాలీ విప్పి కడిగారా అమ్మా?" అని అడ్డం వచ్చాడు. నా మీద దయతో ఆపాడని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ బరువు అంత తేలిగ్గా దించుకునే వీలు నాకు ఇవ్వకూడదనుకున్నాడేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. ఏది నిజమో తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఉన్న కిరాయి ఇంటికి పక్కాయన, నేను కలిసే వెళ్లాం. దండ వేసి తిరిగొస్తూ దుకాణం దగ్గర ఆగాం. షట్టర్ దించి ఉంది. మెట్ల మీద డబ్బాలు అలాగే ఉన్నాయి. ఒకదాని మీద 'అబ్దుల్లాపూర్‌మెట్ అమ్మ' అని ఆయన చేతి రాత. పది రోజుల కింద నేను తెచ్చిన నీళ్లు పోసిన మొక్క అది. మోకాళ్ల నొప్పితో రెండుసార్లే కడిగి మూడుసార్లని చెప్పాను. కొన ఆకు సన్నగా మెలితిరిగి ఉంది.

పక్కాయన వంగి ఆ ఆకును వేళ్ల మీదికి తీసుకున్నాడు. "గిది అప్పటి మా చేను లెక్కనే ఉన్నది గద వదినా."

"అదే ఇది. అప్పుడు ట్యాంకు కడగంది నేనే. కడిగిన అని నీకు అబద్ధం చెప్పిన. ఆయన తప్పు ఏం లేకుండె."

పక్కాయన ఆకు వదిలేసి షట్టర్ వైపు తిరిగాడు.

"నేను ఆయనను మీ ఊరికి పో అన్న."

"విన్న."

"నువ్వు నా పక్కనే నిలవడ్డవ్."

"ఔ" అన్నాను.

ఆయన తిట్టలేదు. వచ్చిన బస్సు ఒక్కడే ఎక్కి వెళ్లిపోయాడు. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. ఆ రోజు దుకాణం ముందు నిలబడ్డ పది మందిలో ఎవరైనా ఇది చదివితే, తప్పు ఆయనది కాదని తెలుసుకోవాలనే రాస్తున్నాను.

నా డబ్బా నాతో తెచ్చుకున్నాను. నిన్న ట్యాంకు, గొట్టాలు, జాలీ మూడుసార్లు కడిగి, నాలుగోసారి కూడా కడిగాను. ముడుచుకున్న మొక్క తీసేసి, మట్టి మార్చి, అదే డబ్బాలో కొత్త టమాట మొక్క పెట్టి ఆఖరి నీళ్లు పోశాను. కొట్టం గోడ మీద, ఆయన సుద్ద రాత చెరగకుండా చూరు కింద పెట్టాను. పొద్దున్నే వెళ్లి చూశాను. కొత్త ఆకు ఇంకా విచ్చుకోలేదు.