హనోకు ఉత్తుత్తి గాలివాన

మా హనోకు ఉత్తుత్తిది చూడందే నిజందాన్ని ముట్టుకునేవాడు కాదు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడూ కాదు. మనిషి పోయి ఏడు నెలలైంది. వాడి మీద నా కోపం మాత్రం పోలేదు.

నా పెళ్లిచూపులకు ముందురోజు, అనకాపల్లిలో మా ఆఫీసులోనే, తల మీద తువ్వాలు కప్పుకుని పెళ్లికూతురిలా కూర్చున్నాడు.

"మాట్లాడు బాబ్జి బావా, సిగ్గేటి?"

"ముందా మీసం తీసెయ్యి!"

"మీసం సంగతి తర్వాత. నేను ఏడిస్తే ఏటి చేత్తావు? తిడితే ఏటి చేత్తావు?"

గంటన్నర వేపుకు తిన్నాడు. మర్నాడు పెళ్లిచూపుల్లో సత్యవేణి ఏడవలేదు, తిట్టలేదు. "గుమ్మం దగ్గర మీకు సైగలు చేత్తన్న ఆయనెవరండీ?" అని అడిగింది. దానికి మేం తయారవలేదు.

అది సరే. రాజయ్యపేటలో చేపల వేటకెళ్లే పడవల కోసం నేనూ హనోకూ కలిసి ఒక ప్రోగ్రాం రాశాం. ఫోన్‌లో చూసుకుంటే 'వెళ్లొచ్చు' అనో 'వద్దు' అనో చెప్పాలి. గాలి సమాచారం తెచ్చే లైబ్రరీ, అంటే మా ప్రోగ్రాంలో తగిలించుకునే రెడీమేడ్ కోడు, ఎవరో పరాయివాళ్లు రాసింది. అది తెచ్చినదాన్ని బట్టి జవాబు చెప్పే భాగం నాది. సోమవారానికి ఇస్తామని పడవల సంఘం పెద్ద అప్పారావుకి మాటిచ్చిందీ నేనే.

హనోకు ఆ లైబ్రరీని పక్కన పెట్టి, దాని వేషం వేసే ఉత్తుత్తి లైబ్రరీ రాయడం మొదలెట్టాడు.

"నిజంది బాగానే పనిచేత్తంది కదా బావా!"

"ఇవాళ ఎండ కాత్తంది కాబట్టి. గాలివానని రమ్మంటే వత్తాదేటి? నాదైతే పిలిచినప్పుడల్లా వత్తాది."

వచ్చింది. ఉత్తుత్తి గాలి, ఉత్తుత్తి తుఫాను, వరసగా అన్నీ వచ్చాయి. సోమవారం మాత్రం వెళ్లిపోయింది. అప్పారావు ఫోన్ చేస్తే 'రేపు' అన్నాను. మళ్లీ చేస్తే 'ఎల్లుండి' అన్నాను. మూడోసారి ఆయన, "మా పడవలు కూడా ఉత్తుత్తివే అనుకుంటన్నారేటి బాబూ?" అన్నాడు.

మా యజమాని త్రినాధరావు కేకలేశాడు. హనోకు తల వంచుకుని, "నా ఉత్తుత్తిదాంట్లోనే తప్పుంది సార్. రెండు రోజులివ్వండి" అన్నాడు.

నేనూరుకున్నానా? "నీ ఆటలకి నా మాట పోయింది!" అని అందరి ముందూ దులిపేశాను. వారం మాట్లాడలేదు. ప్రోగ్రాం గురువారం వెళ్లింది. నాలుగేళ్లుగా పడవలు దాన్ని చూసే కదులుతున్నాయి.

మొన్న ఆ పరాయివాళ్ల లైబ్రరీ మారిందంటే, ఉత్తుత్తిదాంతో మా ప్రోగ్రాంని తనిఖీ చెయ్యడానికి హనోకు రాసిన పరీక్షలు మొదటిసారి తెరిచాను. ఒకదాంట్లో ఉత్తుత్తి లైబ్రరీ ఏమీ చెప్పదు, నోరు మూసుకుంటుంది. అప్పుడు ప్రోగ్రాం 'తెలీదు, వెళ్లొద్దు' అనాలి. అంటోంది కూడా. అనుమానమొచ్చి, హనోకు ముట్టుకోకముందు నేను రాసిన ప్రోగ్రాం ప్రతిని దాని ముందు పెట్టాను. 'వెళ్లొచ్చు' అంది!

సమాచారం అందని పొద్దున, ఎదురుగా తుఫానున్నా సరే, పడవలన్నిటినీ నేనే పంపేవాణ్ణి. ఆ రెండు రోజుల్లో వాడు దిద్దింది నా తప్పు. తిట్లు తిన్నది వాడు.

ఆ పరీక్ష పైన రాసుకున్నాడు: "బాబ్జికి చెప్పకూడదు. తెలిస్తే మూడు రోజులు అన్నం మానేత్తాడు."

ఒళ్లు మండిపోయింది. మూడు రోజులా? ఒక్క పూటే మానేశాను. ఆ పూట కూడా సత్యవేణి వండింది కాకరకాయ.