కార్డు మీద రెండో గీత

గిరిజ చేతిసంచిలో రబ్బరు బ్యాండు వేసిన తెల్లకార్డుల కట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కార్ల కంపెనీ ఇంజనీరు సత్యం భార్యగా అమెరికాలోని ట్రాయ్‌ అనే ఊరికి వచ్చి పందొమ్మిదేళ్లు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్లు. తొలి ఏడాది అక్కడెవరికీ ఆమె పేరుకు నోరు తిరగలేదు, జీజీ అన్నారు. అలా పిలిచిన ప్రతిసారీ లోపల ఏదో చిన్న దీపం ఆరిపోయినట్టుండేది. అందుకే ప్రతి సెమిస్టర్ మొదటిరోజు పిల్లలకు కార్డులు పంచుతుంది. వాటి మీద ఒకే ప్రశ్న, దాని కింద ఒకే గీత. నిన్ను ఏమని పిలవాలి?

కిందటి ఆగస్టులో మూడో వరుసలో, కిటికీ పక్కన, రేణు కూతురు అనుష్క కనిపించింది. రేణు వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. మూడేళ్లప్పుడు ఆ పిల్లకు గిరిజ తన చేత్తో అన్నం తినిపించింది. ఇప్పుడు జుట్టు చెవుల పైకి కత్తిరించుకుని, వదులు చొక్కా వేసుకుని ఉంది. గిరిజను చూడగానే మొహం పాలిపోయింది.

తిరిగొచ్చిన కార్డు మీద 'ధృవ్' అని ఉంది.

అందరూ వెళ్లేదాకా ఆగి దగ్గరకొచ్చాడు ధృవ్.

"ఆంటీ, ఈ క్లాస్ మీరే టీచ్ చేస్తారని తెలీదు నాకు. నేను అబ్బాయి. చిన్నప్పట్నించీ అంతే. ఇంట్లో తెలీదు. అమ్మకి చెప్పకండి, ప్లీజ్. ఈ ఒక్క రూమ్‌లోనే నేను..."

"నేనెవరికి చెప్తాను తల్లీ!" అంది గిరిజ. ఆ చివరి మాట అతని మొహాన తగలడం చూసింది. "సారీ నాన్నా."

"పర్లేదు ఆంటీ. ప్రాక్టీస్ చేయండి," అని నవ్వాడు.

ఆమెకు అంతా అర్థమైందని కాదు. రాసిచ్చిన పేరుతో పిలవాలి, అంతే అనుకుంది. కారులో ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా పైకే అనేది: ధృవ్, బోర్డు దగ్గరకి రా. ధృవ్, నీ జవాబు చెప్పు. తోటకూర కడుగుతూ అనేది, బట్టలు మడతపెడుతూ అనేది.

"ఎవరోయ్ ఈ ధృవ్? మంత్రంలా జపిస్తున్నావ్," అన్నాడు సత్యం.

"మా స్టూడెంట్‌లెండి."

సెప్టెంబరు చివరికి పాత పేరు ఆమె నాలుక మీంచి పూర్తిగా రాలిపోయింది. బయట మేపుల్ ఆకులు ఎర్రబడుతుంటే లోపల మూడో వరుసలో ఒక మనిషి మెల్లగా వెలిగాడు. చెయ్యెత్తి ప్రశ్నలడిగాడు, బోర్డు దగ్గర లెక్క తప్పు చేసి తనే పకపకా నవ్వాడు. పరీక్షకాగితాల మీద గిరిజ ఎర్రసిరాతో రాసేది: ధృవ్, చాలా బాగుంది.

దసరాకి రేణు బొమ్మల కొలువు పెట్టి పేరంటానికి పిలిచింది. ధృవ్‌కి ఆకుపచ్చ పట్టు పరికిణీ కట్టారు. తొమ్మిది మెట్ల మీది బొమ్మల కన్నా కదలకుండా నిలబడ్డాడు. కాసేపటికి తల్లి కేకేస్తే వంటింట్లోంచి వేడి గుగ్గిళ్ల గిన్నె పట్టుకుని వచ్చాడు. పరికిణీ అంచు కాలికి చుట్టుకుంది.

"ధృవ్, జాగ్రత్త నాన్నా, కాలుతుంది!" అంది గిరిజ.

ఎంత కష్టపడి నేర్చుకుందో, అంత సులువుగా ఆ పేరు నోట్లోంచి వచ్చేసింది.

"ధృవ్ ఎవరక్కా? మా ఇంట్లో మగపిల్లలెక్కడున్నారు?" అంది రేణు.

"టీచరమ్మకి ఊరంతా క్లాస్‌రూమే!" అంది సోఫాలోంచి కృష్ణకుమారి. ఆడవాళ్లంతా నవ్వారు. అది క్లాసులో ఒకబ్బాయి పేరని, నోరు జారిందని చెప్పి గిరిజ కూడా నవ్వింది. రేణు మాత్రం అందరికన్నా ముందే నవ్వు ఆపేసింది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర తాంబూలం కవరు ధృవే అందించాడు. "బాగా నేర్చుకున్నారు ఆంటీ," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

సోమవారం మూడో వరుసలో కుర్చీ ఖాళీ. బుధవారమూ అంతే. గురువారం సాయంత్రం రేణు వచ్చింది. చెప్పులు విప్పలేదు. చేతిలో మడతలుపడ్డ పరీక్షకాగితం.

"బ్యాగ్ వెతికితే దొరికింది. ఈ రైటింగ్ మీదే కదక్కా?"

"నాదే రేణూ."

"బారసాల చేసి నేను పెట్టిన పేరు ఏమైంది మరి? నా పిల్లకి పేరు మార్చడానికి మీరెవరు?"

"నేను మార్చలేదమ్మా. తను రాసింది చదివాను."

"నాకెందుకు చెప్పలేదు?" అంది రేణు. ఆ ప్రశ్నలో కోపం ఒక్కటే లేదు. "క్లాసులన్నీ డ్రాప్ చేయించాం. దూరంగా కమ్మింగ్ ఊళ్లో మా అన్నయ్య వాళ్లింటికి పంపేశాం. ఫోన్ కూడా నా దగ్గరే ఉంది. మీరు కాల్ చేయొద్దు."

కాగితం సోఫా మీద పడేసి వెళ్లిపోయింది. చాలా బాగుంది అన్న ఎర్ర అక్షరాలు పైకి తిరిగి ఉన్నాయి. గిరిజ వాటిని చేత్తో కప్పింది.

జనవరిలో కొత్త సెమిస్టర్. మంచు కిటికీ సగందాకా పేరుకుంది. కార్డుల మీద ఈసారి రెండో ప్రశ్న, దాని కింద రెండో గీత ఉన్నాయి. ఈ పేరు ఎవరి ముందు పలకకూడదు? ఇరవైనలుగురిలో చాలామంది ఖాళీగా వదిలేశారు. ఒక కార్డు మీద మాత్రం సన్నని అక్షరాలు, గట్టిగా ఒత్తి: మా నాన్న ముందు.

ఈ ప్రశ్న ఆగస్టులోనే ఎందుకు తోచలేదో ఎంత ఆలోచించినా ఆమెకు అంతు చిక్కదు.

గిరిజ ఇప్పటికీ ఎర్రలైట్ల దగ్గర పేర్లు వల్లె వేస్తుంది. రేణు వాళ్ల వీధి మలుపు రాగానే నోరు మూసుకుంటుంది. ఆ ఇంటి మేడ మీద, ధృవ్ గది కిటికీకి తెర దించేసి ఉంటుంది. అది దాటాక కూడా చాలాదూరం, వైపర్లు మంచు తుడిచే చప్పుడు తప్ప కారులో ఇంకేమీ వినిపించదు.