పశువులసాలలో పొయ్యిగట్టు

మా పెరట్లో ఒక పశువులసాల ఉంది. పశువులు లేవు. ఆఖరి గేదెని మా అత్తగారి కాలంలోనే అమ్మేశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లూ అందులో విరిగిన కుర్చీలు, కొబ్బరి డొక్కలు, చిల్లుపడ్డ బిందెలు, మా ఆయన ఛస్తే పారేయనివ్వని పాత స్కూటరూ కాపురమున్నాయి. ఆ సాలని బాగుచేయించి వడ్రంగం చేసుకుంటానని నేను అన్న రోజు నుంచీ వీధిలో వాళ్లు, చర్చిలో వాళ్లు, పాలవాడితో సహా అందరూ అడిగింది ఒకటే మాట. "వడ్రంగిని ఎక్కణ్ణించి తెస్తారు?"

నేనే వడ్రంగిని. ఎన్నిసార్లు చెప్పాలి?

విజయనగరంలో ముప్పై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక టీచరు యాత్రలకెళ్లినా, మనవల్ని ఆడించుకున్నా, కాళ్లనొప్పులని మంచమెక్కినా ఎవరికీ అభ్యంతరం లేదు. ఉలి పట్టుకుంటానంటే మాత్రం నవ్వొస్తుంది అందరికీ.

మా నాన్న వడ్రంగి. మిషన్ కాంపౌండులో పని నేర్చుకున్నాడు. మా ఊరి చర్చిలో మోకాళ్లూనే బల్ల దగ్గర్నుంచి పాస్టరుగారి కుర్చీ దాకా ఆయన చేతి పనే. దుంగలు కోసే పెద్ద రంపానికి రెండు పక్కలా పిడులుంటాయి, ఇద్దరు లాగాలి. తొమ్మిదో ఏట నుంచి ఆ రెండో పిడి నాది. నాన్న కావిరంగులో ముంచిన దారం దుంగ మీద సాగదీసి వదిలితే ఎర్రగా గీత పడేది. ఆ గీత మీదే కోత నడవాలి. బడి నుంచి రాగానే పుస్తకాలు గిరాటేసి నాన్న పనిచేసే సాలలోకి పరిగెత్తేదాన్ని. ఆ పొట్టు వాసన కోసం అన్నం కూడా మానేసేదాన్ని.

పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. పదకొండో రోజు స్నానం చేయించి బయటికి వదిలితే తిన్నగా సాలకే పోయాను. నా పిడి దగ్గర మా అన్నయ్య నిలబడున్నాడు. నాన్న నా మొహం కూడా చూడకుండా "నువ్వింక సదువుకో అమ్మీ" అన్నాడు. అంతే. మరో మాట లేదు. అంతకు ముందు నెలలో ఒక మామిడి దుంగ మీద నా కోత కొంచెం పక్కకి పోయింది. అందుకే తీసేశాడు కాబోలు అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చదువుకున్నాను.

రిటైరయిన ఆర్నెల్లకి బజారుకెళ్లి ఒక చేతిరంపం, చిత్రిక, రెండు ఉలులు కొన్నాను. వరండాలో కూచుని ఒక పీట చేశాను. కుంటిదే, ఒప్పుకుంటాను. రెండోది కుంటలేదు. మూడోదానికి మా ఆయన పెరుగు గిన్నెలో రంపప్పొట్టు పడింది. ఆ రోజు గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించి, "ఆ వెనకాల సాలేదో బాగుచేయించుకుని అక్కడ తగలడరాదూ" అన్నాడు. తగలడమన్నది ఆయనే. తరవాత ఆ మాటే మర్చిపోయాడు.

మేస్త్రీ యాభై ఏళ్ల మనిషి. పని బాగా చేస్తాడు, ఆ మాట అనకపోతే నాకు కళ్లు పోతాయి. పైకప్పులో పుచ్చిన కర్రబద్దలు మార్చాడు, పగిలిన పెంకులు ఏరి కొత్తవి వేశాడు. పశువుల మూత్రం పోడానికి ఏటవాలుగా ఉన్న నేలని చదును చేశాడు. కానీ మొదటిరోజు సాల చూడ్డానికొచ్చి మా ఆయనతోనే నడిచాడు. నా గది గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను వెనకాల నడిచాను.

"ఉత్తరం గోడ ఖాళీగా వదిలెయ్యి మేస్త్రీ. కిటికీ కింద నేను పనిబల్ల వేసుకోవాలి. వెలుతురు అక్కడే బాగుంటుంది" అన్నాను.

అతను మా ఆయన వైపు తిరిగాడు. "అంతేనా బాబూ?"

"అంతే, అంతే" అన్నాడు మా ఆయన, ఫోనులోంచి తలెత్తకుండా.

"రంపాలూ సుత్తులూ ఆడోళ్లకెందుకమ్మా, బరువు పనులు" అన్నాడు మేస్త్రీ. సరిగ్గా అప్పుడే అతని కూలీ ఆవిడ నెత్తిమీద ఎనిమిది ఇటుకలు పెట్టుకుని మా ఇద్దరి మధ్య నుంచే నడిచి వెళ్లింది. అతను పక్కకి జరిగి ఆవిడకి దారిచ్చాడు కూడా. అందులో అతనికేమీ విడ్డూరం కనబడలేదు.

పని సగంలో ఉండగా నాన్నకి శ్రీకాకుళంలో కంటి ఆపరేషను పడింది. ఆయన సాలూరులో అన్నయ్య దగ్గరుంటాడు. అన్నయ్యకి లారీలు. ఇంట్లో మేకు ఊడితే మనిషిని పిలిపిస్తాడు తప్ప సుత్తి ఎక్కడుందో కూడా తెలీదు. ట్రిప్పులున్నాయి, కుదరదన్నాడు. నాలుగు రోజులు నేనే ఆసుపత్రిలో ఉండి, కళ్లలో మందు నేనే వేయాలని నాన్నని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆటో దిగి, ఆయన్ని మంచం మీద కూచోబెట్టి, కాళ్లయినా కడుక్కోకుండా పెరట్లోకి పోయాను.

ఉత్తరం గోడ పొడుగునా, కిటికీ కింద, ఈ చివర్నుంచి ఆ చివరికి గట్టు కట్టి ఉంది. దాని మీద నిగనిగలాడే నల్లరాయి. ఒక మూల గుండ్రంగా కన్నం.

"ఎలాగున్నాదమ్మా?" అన్నాడు మేస్త్రీ, మెచ్చుకుంటాననే ధీమాతో.

"ఇదేటి?"

"పొయ్యిగట్టమ్మా. సింకుకి కన్నం కూడా ఒదిలీసినాను. మీ ఎత్తు సూసే కట్టినాను, నడుంనొప్పి రాదు."

"నేనేం చెప్పాను? గోడ ఖాళీగా వదలమన్నానా లేదా?"

"సెప్పినారు. కానీ పెరట్లో ఆడమనిషికి పనిగదంటే మరేటుంటాదమ్మా? పచ్చళ్లు పెట్టుకోవాల, పిండొంటలు సేసుకోవాల, పదిమందొస్తే ఇంట్లో ఇరుకవుతాది. అదే బాబునడిగినాను. సరేనన్నారు."

అతను వెటకారం చేయట్లేదు. నా మీద నిజంగా జాలిపడి, నా ఎత్తు గుర్తుపెట్టుకుని, మంచి రాయి ఏరి తెచ్చి కట్టాడు. అదే నాకు మరీ మండింది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

మా ఆయన్ని పట్టుకున్నాను. "నేను టీవీ చూస్తున్నానే. అతనేదో అడిగాడు, సరేనన్నాను. అయినా అంత మంచి రాయి వేశాడు కదా, నీ మేకులేవో దాని మీదే కొట్టుకోకూడదా?" అన్నాడు. రాతి మీద ఉలి జారితే ఉలి అంచు పోతుందని ఆయనకెలా చెప్పను? ముప్పై అయిదేళ్ల కాపురంలో నేను చెప్పినవన్నీ ఆయన టీవీ చూస్తుండగానే చెప్పాను కాబోలు.

"పడగొట్టెయ్యి" అన్నాను మేస్త్రీతో.

అతను చెంపలేసుకున్నాడు. "తప్పమ్మా. పొయ్యిగట్టు కట్టినాక పడగొట్టకూడదు. ఇల్లాలికే మంచిది కాదు."

"ఇంకా పొయ్యే పెట్టలేదు కదయ్యా!"

"మనసులో పెట్టీసినాం కదమ్మా."

"మేం చర్చికెళ్లేవాళ్లం. మాకలాంటివి లేవు."

"ఏ దేవుడికైనా అన్నం ఒండుకునే సోటు ఒకటే కదమ్మా" అన్నాడు. మా ఆయన, ఆదివారం ఒక్కటి కూడా తప్పకుండా చర్చిలో ముందు వరసలో కూచునే మా ఆయన, "పోనీలే, ఎందుకొచ్చిన గొడవ" అని అతనికే తలూపాడు. రెండు రోజులు చెప్పాను. బతిమాలాను, అరిచాను. గట్టు జోలికి మాత్రం రాకుండా మిగతా పనులన్నీ చేసుకుపోయాడు మేస్త్రీ.

మూడో రోజు పొద్దున్న నాన్న నల్లకళ్లద్దాలతో గోడ పట్టుకుని పెరట్లోకొచ్చాడు. సాలలోకి వెళ్లి, గుంజ మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు. వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. "గుగ్గిలం కర్ర. ఇంకో వందేళ్లుంటాది" అన్నాడు.

"పెద్దాయనకి కర్ర బాగా తెలుసునే" అన్నాడు మేస్త్రీ.

"మా నాన్న వడ్రంగి" అన్నాను.

మేస్త్రీ మొహం మారిపోయింది. తాపీ కింద పెట్టి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "అయ్యో, ఈ సాల పెద్దాయన పనికా! ఆ ముక్క ముందు సెప్పాల కదమ్మా, ఇన్నాళ్లూ నన్ను తిప్పలు పెట్టీసినారు" అన్నాడు.

కాదని నోరు తెరిచేలోగా నాన్న అన్నాడు. "ఔను, నాకే."

నాన్నకి ఎనభై అయిదు దాటాయి. చొక్కా గుండీలు నేను పెట్టాలి. ఉలి వదిలేసి పదేళ్లయింది. అయినా మధ్యాహ్నం అన్నాల వేళకి గట్టు లేదు. రాయికి పగులు రాకుండా ఎత్తి గోడకి చేరేశారు. కూలీ ఆవిడ ఇటుక ముక్కలు తట్టల్లో ఎత్తి బయట పోసింది. ఉత్తరం గోడ నేనడిగినట్టే ఖాళీగా ఉంది.

"ఇల్లాలికి మంచిది కాదన్నావు?" అన్నాను ఉండబట్టలేక.

"పెద్దాయన పని కదమ్మా, దేవుడు సూసుకుంటాడు" అన్నాడు.

నా మంచీ చెడ్డా కూడా అంత తేలిగ్గా తేలిపోయింది. అన్నం వడ్డిస్తూ నాన్న మీద విరుచుకుపడ్డాను. "ఆ సాల నీదెప్పుడయింది? నాదని తెలీదా నీకు?"

"నిజం సెప్తే గట్టు పడగొట్టీవోడేటి?" అన్నాడు నాన్న, తాపీగా పప్పు కలుపుకుంటూ.

అదీ నిజమే. నిజమైనందుకే ఇంకా ఒళ్లు మండింది. నా గదిలో నా గోడ నాకు రావడానికి ఆయన పేరు కావలసొచ్చింది. "రేపు పొద్దున్న అతని ముందు నిజం చెప్పాలి నువ్వు. చెప్పకపోతే కళ్లలో మందు వెయ్యను, నీ లారీల కొడుకునే వచ్చి వెయ్యమను" అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

మర్నాడు మేస్త్రీ రాగానే నాన్నని చెయ్యి పట్టుకుని సాలలోకి తీసుకెళ్లాను. నేను చెప్పమన్నది చెప్పాడు, కాదనను.

"ఒరే మేస్త్రీ, నిన్న నాను అబద్ధమాడినాను. ఈ సాల నాది కాదు, మా అమ్మిది."

మేస్త్రీ హాస్యమనుకున్నాడు. "టీచరమ్మగారికి వడ్రంగం ఏటొస్తాది బాబూ?"

"రాకేటి?" అన్నాడు నాన్న. గొంతు లేచింది. "తొమ్మిదేళ్లకే పెద్దరంపం లాగీది. కావిగీత మీద కోత ఏస్తే ఎంట్రుకంత కూడా పక్కకి పోయీది కాదు. నాకే అలగ వచ్చీది కాదు. దీని అన్నకి ఎంత నేర్పినా రానేదు. ఇది పక్కనుంటే ఆడు సిన్నబోతన్నాడని దీన్నే తప్పించీసినాను."

మేస్త్రీ అర్థమయినట్టు తలూపాడు. "మరి మగపిల్లడు కదా బాబూ."

"అదే కదా" అన్నాడు నాన్న.

గర్వంగా చెప్పాడు ఆ మాట. నన్ను మెచ్చుకుంటున్నాననుకున్నాడు. దాదాపు యాభై ఏళ్లు ఆ మామిడి దుంగని మోశాను. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, బళ్లో విరిగిన బెంచీ కనబడి బాగుచేద్దామని చెయ్యి సాగినప్పుడల్లా, నీకు రాదు, నాన్నే తీసేశాడు అని వెనక్కి లాక్కున్నాను. మొన్నమొన్న కుంటిపీట చేసినప్పుడు కూడా అదే అనుకున్నాను. మేస్త్రీ తెలీక కట్టాడు గట్టు. ఈయన తెలిసీ కట్టాడు.

"ఈ మాట నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నీకు తెలుసుననుకున్నానమ్మీ."

"నాకు తెలీదు. నాకు రాదనే తీసేశావనుకున్నాను."

నాన్న నల్లకళ్లద్దాలు తీసేశాడు. డాక్టరు రెండు వారాల దాకా తియ్యొద్దన్నాడు. ఎర్రటి కళ్లతో నన్నే చూశాడు.

"నీకు రాదనా? అలగని ఎవులన్నారే?"

"నువ్వే" అన్నాను.