పులియా దీపానికి నేను కట్టిన ఎర్ర చీటీ

మొన్న మంగళవారం పొద్దున్న వార్డు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చి, గేటు బయటే నిలబడి, నా చేత సంతకం పెట్టించుకుని ఒక కాగితం ఇచ్చి వెళ్లింది. వచ్చే ఆదివారం మంగళ్ భవన్ హాల్లో వార్డు సభ. విషయం కాలనీ భద్రత. దాని కింద చిన్న అక్షరాల్లో, నిధులు తగ్గిపోయినందువల్ల వీధి దీపాలను ఒకటి విడిచి ఒకటి ఆర్పే ప్రతిపాదన. అన్నిటికన్నా అడుగున ఎవరో చేత్తో హిందీలో ఒక వాక్యం రాశారు: దీపాల కోసం మన వార్డులో అందరికన్నా ఎక్కువ పోరాడిన పెద్దమనిషిగా తమరు నాలుగు మాటలు చెప్పాలి. ఆ వాక్యం చదివాక నాకు ఆ పూట టిఫిను సహించలేదు. మా ఆవిడ ఏమయిందని అడిగితే ఏమీ లేదన్నాను. పన్నెండేళ్లుగా అదే మాట చెబుతున్నాను.

ఆదివారం అక్కడ చెప్పలేనిది నా వయసు వాళ్లు చదువుతారనే నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను. పన్నెండేళ్ల కిందట చలికాలంలో, మా వీధి చివర కాలవ మీద ఉన్న చిన్న వంతెన దగ్గర, దాన్ని మేమంతా పులియా అంటాం, మా తోడల్లుడు చీకట్లో సైకిలుతో సహా కాలవలో పడి, మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు. వార్డు వాళ్లు డబ్బుల్లేవంటూ దీపం బాగు చేయకపోవడం వల్లే ఆయన పోయాడని మా వాళ్లందరూ నమ్ముతారు. అది నిజం కాదు. ఆ దీపం బాగానే ఉంది. వెలగనివ్వనిది నేను.

నా సంగతి తెలిసిన వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను అర్జీల మనిషిని. నన్ను తక్కువ చేసిన సందర్భం ఏదీ నేను మరిచిపోను, మరిచిపోవాలని కూడా అనుకోను. ఏ పెళ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టారో, రిటైరయిన రోజున ఎవరికి కప్పిన శాలువా నా దాకా వచ్చేసరికి తువ్వాలుగా మారిందో, నాకు ఇప్పటికీ వరసగా గుర్తే. మా తోడల్లుడు దీన్ని పట్టుకుని, చుట్టాలందరి ముందూ, "అన్నయ్యకి రోజుకో కాయితం రాయకపోతే కూడు అరగదర్రా" అని నవ్వించేవాడు. మా మరదలి మొగుడు, నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు, నాలాగే విజయనగరం వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరినవాడు. అతనంటే నాకు ఇష్టమే. ఆ మాట మాత్రం నచ్చేది కాదు.

ఎర్ర చీటీ గురించి ముందు చెప్పాలి. ప్లాంటులో పనిచేసిన వాళ్లకు తెలుసు, వాళ్ల పిల్లలకు కూడా తెలియదు. నేను రోలింగ్ మిల్లులో కరెంటు పని చేసేవాణ్ణి. ఏ యంత్రం మీద పని మొదలుపెట్టినా ముందు దాని స్విచ్చు ఆపి, ఆ స్విచ్చుకి మన పేరు రాసిన ఎర్ర చీటీ తీగతో కట్టాలి. లోపల ఒక మనిషి చేతులు పెట్టి ఉన్నాడని దాని అర్థం. దాన్ని కట్టినవాడే విప్పాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా మేస్త్రీ ఆ చీటీ నా చేతిలో పెట్టి, ఇది కాయితం కాదు, నీ పీక అని చెప్పాడు.

చేరిన నాలుగో ఏడు అనుకుంటాను, ఒక రోజు జ్వరంతో ఒళ్లు తెలియక, ఒక క్రేను స్విచ్చుకి కట్టిన చీటీ విప్పకుండానే షిఫ్టు దిగి, సైకిలు తొక్కుకుంటూ సెక్టర్ 6లో మా క్వార్టరుకి వచ్చి పడుకున్నాను. గంట తిరిగేసరికి మా గుమ్మం ముందు జీపు ఆగింది. దిగినవాడు మా పెద్ద ఇంజనీరు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్లంతా నీళ్లు పొంగిపోతున్నా అలాగే చూస్తూ నిలబడ్డారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "చలో బేటా, నువ్వు రాకపోతే క్రేను కదలదు" అని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. నేను చీటీ విప్పేదాకా నలభై మంది చేతులు కట్టుకుని నిలబడి చూశారు. తప్పు నాదే, అయినా ఆ జీపులో ముందు సీటు నా జీవితంలో నాకు దక్కిన పెద్ద గౌరవం. ఆ తరువాత నేను ఎవరి మీద కోపం తెచ్చుకున్నా, మనసులో ఆ జీపు వచ్చి ఆగాలని ఎదురుచూసేవాణ్ణని ఇప్పుడు అర్థమవుతోంది.

పన్నెండేళ్ల కిందటి వానాకాలం చివర, పులియా దగ్గరున్న ఇనప దీపస్తంభానికి ఒళ్లు రుద్దుకున్న దూడ ఒకటి షాకు కొట్టి చచ్చిపోయింది. నేను వెళ్లి చూస్తే స్తంభం మొదట్లో కేబులు తొడుగు చిరిగి, నీళ్లలో నానుతోంది. స్విచ్చు పెట్టెకు తలుపే లేదు. స్విచ్చు ఆపి, ఇంట్లో దాచుకున్న పాత ఎర్ర చీటీ ఒకటి తెచ్చి, నా పేరు రాసి కట్టాను. ఆ రోజు నేను చేసింది సరైన పనే. ఎవరు అడిగినా ఇప్పటికీ అదే చెబుతాను. ఆ వీధిలో సగం మంది ప్లాంటు నుంచి రిటైరయిన వాళ్లే. వచ్చి చీటీ చూసి, తల ఊపి వెళ్లారు.

ఆ నెల వార్డు సభకి ఫైలు పట్టుకుని వెళ్లాను. కొత్త కేబులు వెయ్యాలి, పులియాకి రెండు వైపులా రెయిలింగు కట్టాలి, అంతే నేను అడగదలచుకున్నది. మా పార్షదు, అంటే వార్డు మెంబరు, నా కొడుకు వయసువాడు. పై నుంచి వచ్చే నిధులు తగ్గాయని, పార్కు కాపలావాణ్ణి తీసేస్తున్నామని, చెత్త బండి రోజు విడిచి రోజు వస్తుందని మైకులో చదువుకుంటూ పోతున్నాడు. పులియా రెండు వార్డుల సరిహద్దు మీద ఉంది కాబట్టి రెయిలింగు ఖర్చు పక్క వార్డే పెట్టుకోవాలన్నాడు. పక్క వార్డు పార్షదు కిందటి నెల వాళ్ల సభలో సరిగ్గా ఇదే మాట మన వార్డు గురించి చెప్పాడు. ఆ మాట రాసిన కాగితం నా ఫైల్లో ఉంది. నేను లేచి నిలబడి అది చదవడం మొదలుపెట్టాను. నా వెనక ఎవరో నా కుర్చీ ఎత్తుకెళ్లి ముందు వరసలో ఒక కాంట్రాక్టరుకి వేశారు. నేను వెనక్కి తిరిగి కుర్చీ కోసం వెతుక్కుంటుంటే ఆ పార్షదు మైకులో, "అంకల్‌జీ, ఆప్ తో ఖంభే సే భీ లడ్ లేతే హో" అన్నాడు. మీరు స్తంభంతో కూడా పోట్లాడతారే అని. హాలంతా నవ్వింది. మూడో వరసలో కూర్చున్న మా తోడల్లుడూ నవ్వాడు. నేను చూశాను.

ఆ నవ్వుకి సిగ్గుపడ్డారో, దూడ యజమాని గొడవ చేశాడో తెలియదు, మూడు వారాల తరువాత కరెంటు వాళ్లు వచ్చి కేబులు మార్చారు. రెయిలింగు లేదు, కేబులు మాత్రం కొత్తది. నేను టెస్టరుతో స్తంభం చుట్టూ తడిమి చూసుకున్నాను, ఎక్కడా కరెంటు లేదు. చెయ్యెత్తి చీటీ విప్పి స్విచ్చు వేస్తే అయిపోయేది. అప్పుడే లైన్‌మన్ వచ్చాడు. ఛత్తీస్‌గఢీ మనిషి, ఒకప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. నన్ను చూసి చేతులు కట్టుకుని, "తోర్ చిట్ఠీ ఏ కకా, తైఁ నికాలబే" అన్నాడు. నీ చీటీ బాబాయ్, నువ్వే తియ్యాలి అని. తాను తీయగలడు, కానీ చెయ్యి రాలేదు. నేనేమన్నానో నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. మీ పార్షదుని మా ఇంటికి వచ్చి అడగమను, వచ్చి అడిగితే తీస్తాను అన్నాను.

పార్షదు రాలేదు. ఒక సాయంత్రం పోయింది, నాలుగు పోయాయి. మా తోడల్లుడు మాత్రం వచ్చాడు. అరుగు మీద కూర్చుని, "ఏటన్నయ్యా, ఆల్లెవలో నవ్వీరని దీపంతోటి అలిగినావా? ఇప్పీసి రా, తీరిపోద్ది" అన్నాడు.

"నువ్వూ నవ్వినావు కదా" అన్నాను.

అతను చేతిలో చుట్ట తిప్పుకుంటూ, "నవ్వొచ్చీసింది, నవ్వీసినాను. నీ మీద కాదన్నయ్యా" అన్నాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. టీ కూడా ఇమ్మనలేదు.

పదకొండో సాయంత్రం, ఇంకా ఏడు కూడా కాలేదు, వీధి చివర అరుపులు వినిపించాయి. వెళ్లేసరికి పులియా దగ్గర పదిహేను మంది ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్ల వెలుతురు, కిందికి అందడం లేదు. ఎవరో పడ్డారు, ఎక్కడున్నారో కనపడటం లేదు, లైటు వెయ్యండి, లైటు వెయ్యండి అని అరుస్తున్నారు. స్విచ్చు పెట్టె వాళ్ల చేతికి అందేంత దూరంలో ఉంది. దాని ముందు ఇద్దరు మా పాత మిల్లు వాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ ముట్టుకోలేదు. నన్ను చూడగానే జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. నా వేళ్లు తీగ మెలిక విప్పలేకపోయాయి, పంటితో లాగాను. స్విచ్చు టక్‌మని పడింది. దీపం ఒకసారి ఆగి, వెలిగింది. పచ్చి బఠాణీలు కాలవ గట్టంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. సైకిలు చక్రం కాలవ నీళ్లకి మెల్లగా తిరుగుతోంది. రాళ్ల మధ్య మా తోడల్లుడు ముఖం పైకి తిప్పి, ఆ వెలుతురుకి కళ్లు చికిలించాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఆ తరువాత మాట్లాడలేదు.

ఆ తరువాతి సభ నాకు మరీ బాగా గుర్తు. వెళ్లనంటే మా వీధివాళ్లు ఒప్పుకోలేదు. నా అర్జీలన్నీ తీసి ఒక్కొక్కటే మైకులో చదివారు. ఈయన ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు కదా అని పార్షదుని నిలదీశారు. తలవంచుకున్న ఆ మనిషి, స్తంభంతో పోట్లాడతావని నన్ను అన్న ఆ మనిషి, స్వయంగా ఒక కుర్చీ ఎత్తుకొచ్చి ముందు వరసలో వేసి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. డబ్బుల్లేవన్నవాళ్లు ఆ పూటే రెయిలింగు మంజూరు చేశారు. చీటీ గురించి ఒక్కరూ ఎత్తలేదు. కేబులు మార్చిన సంగతి పార్షదు దాకా ఇంకా వెళ్లనే లేదు, ఆ రాత్రి దీపం వెలగడం చూసినవాళ్లు నేను ప్రాణానికి తెగించి స్విచ్చు వేశాననుకున్నారు. దీపం అప్పటికి బాగయిందన్న సంగతి ఆ హాల్లో లైన్‌మన్‌కి తెలుసు, నాకు తెలుసు. అతను తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. నేను లేచి చెబుతానని చూశాడనుకుంటాను. నేను కూర్చునే ఉన్నాను. ఆ పార్షదుని నేను ఇప్పటికీ క్షమించలేదు. మైకులో ఆ మాట అనకుండా ఉంటే నేను చీటీ విప్పి ఉండేవాణ్ణని పన్నెండేళ్లుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, ఒక్క రోజు కూడా నమ్మలేకపోయాను.

మా మరదలు ఏడాది తిరిగాక మా ఇంటికి వచ్చినప్పుడు, వంటింట్లో మా ఆవిడ లేని సమయం చూసి, నాకు తెలుసో లేదో అన్నట్టు ఒక మాట చెప్పింది. "పులియా పక్కన అద్దెకున్నోలు ఆ చీటీ పీకీబోయినారు బావా. ఈయనే ఒద్దన్నాడు. మా అన్నయ్య కట్టినాడు, అన్నయ్యే ఇప్పాల, ఎవులూ ముట్టుకోకండర్రా అన్నాడు." నింద వేయడానికి చెప్పలేదు. మొగుడికి నేనంటే ఎంత గౌరవమో చెబుతోంది. నేను అవునమ్మా అన్నాను. ఆ మాట నన్ను రోజూ సాయంత్రం ఆరున్నరకి, వీధిలో దీపాలు వెలిగే సమయానికి పట్టుకుంటుంది. ఆ వేళకి నా కుడిచేతి వేళ్లు వాటంతటవే మెలితిరుగుతాయి, తీగ విప్పుతున్నట్టు.

ఇప్పుడు స్విచ్చు పెట్టెలకి తాళాలు వచ్చాయి. దీపాలు టైమరు మీద వెలుగుతాయి, ఆరుతాయి. వాటిని ఆపాలన్నా వెయ్యాలన్నా ఎక్కడో కూర్చున్న ఎవరో కంప్యూటర్లో చేస్తారట. ప్లాంటు నుంచి రిటైరయిన వాళ్లు మా వీధిలో ముగ్గురం మిగిలాం. మిగతా ఇళ్లలో అద్దెకు వచ్చినవాళ్లకు స్తంభానికి కట్టిన ఎర్ర కాయితం ఎన్నికల తోరణంలా కనిపిస్తుంది, పొద్దున్న కడితే సాయంత్రానికి పిల్లలు పీకేసి ఆడుకుంటారు. అలా పీకేసే కాలమే అప్పుడూ ఉంటే ఎంత బాగుండేదో అని అనుకోవలసిన గతి నాకు పట్టింది. నన్ను ఎవరూ లెక్కచేయరని జీవితమంతా కాగితాలు నింపాను. ఆ పదకొండు సాయంత్రాలు మాత్రం ఒక వీధి వీధంతా, చెయ్యి చాపితే అందే స్విచ్చు ఉండి కూడా, నా పేరుకి విలువ ఇచ్చి చీకట్లో నడిచింది.