పిలవలేని పేరు

మా బిడ్డకు మా అత్త పేరే పెట్టాం. ఆ పేరు ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను, మీరు నవ్వినా సరే. ఊరి పొలిమేర కాచే తల్లి పేరని మాత్రం చెప్పగలను. బోథ్ వైపు మా అత్త పుట్టింట్లో తరానికొకరికి ఆ పేరుంది. ఆమె నాయనమ్మదీ అదే. చేలోకి అడవి పందులు వస్తే ఆవిడ ఉత్త కేకతోనే తరిమేసేదట.

తొట్టెలలో వేసిన రోజు మా ఆడబిడ్డ పాప చెవిలో ఆ పేరు చెబుతుంటే అత్త కళ్లు తుడుచుకుంది. పేరు నిలబడ్డదని మేమూ సంబరపడ్డాం. తీరా పిలవబోతే నాకు నోరు రాదు. అత్త పేరు పలికితే ఆమె ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ చిన్నప్పుడే భయపెట్టింది. మా ఆయనకేమో కన్నతల్లి పేరు పెట్టి పిల్లను కసరాలంటే ఇబ్బంది. అలా ఇంటిల్లిపాదికీ పాప ‘చిన్ని’ అయి కూర్చుంది. నిలబెట్టామనుకున్న పేరును మూటగట్టి అటకెక్కించాం.

పోయిన ఎండాకాలం అత్త కరీంనగర్‌లో మా దగ్గరే ఉంది. మంచం దిగడం కష్టంగా ఉండేది. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే పాప గేటు దాటి గల్లీలోకి ఉరికింది. ఎదురుగా ఆటో. ‘చిన్నీ’ అంటే వినలేదు. ఎలా వచ్చిందో, అసలు పేరే నా నోట్లోంచి కేకై వచ్చింది. పాప ఆగిపోయింది.

ఇంట్లోంచి జవాబొచ్చింది. "ఓ... వస్తున్ననే అవ్వా!"

పాపను చంకనేసుకుని లోపలికి పరుగెత్తాను. అత్త మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. పిలిచింది తన తల్లి కాదని నన్ను చూశాక తెలిసి, సిగ్గుపడింది. నేను చెంపలు వేసుకున్నాను.

"తప్పయింది అత్తమ్మా, పిల్ల ఆటో కింద వడ్తదని నోరు జారింది."

"తప్పేంది బిడ్డా? మా అవ్వ పోయినంక నన్ను గట్ల పిలిసినోళ్లే లేరు. జర ఇంకోపారి పిలువు."

నోరు తెరిచాను. ఆమె ఆయుష్షు గుర్తొచ్చింది, అప్పటికి ఏదో బోలెడంత మిగిలినట్టు. "చాయ్ పెడ్త అత్తమ్మా" అని వంటింట్లోకి తప్పించుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

వానలు పడేలోపే ఆమెకు స్పృహ తప్పింది. చెవి దగ్గర కూర్చుని ‘అత్తమ్మా, అత్తమ్మా’ అని ఎంతసేపు పిలిచానో. పలకలేదు. ఏ పేరుతో పిలిస్తే పలికేదో నాకు తెలుసు. అయినా పిలవలేదు.